పేరు చెప్పమ్మా

నాకు నత్తి ఉంది. ఎక్కడో ఒక మాట దగ్గర తడబడటం కాదు. మాట గొంతులోనే బిగుసుకుపోయి, దవడ కదలక, కళ్లు వాటంతటవే మూతపడి, ఎదుటివాళ్లు ఇబ్బందిగా పక్కకు చూసేంత నత్తి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది, ఇవాళ్టికీ ఉంది. అది ఎలా పోయిందో చెప్పడానికి ఇది రాయడం లేదు, ఎందుకంటే పోలేదు. దాన్ని దాచుకోవడం కోసం నన్ను నేను ఎలాంటి మనిషిగా మార్చుకున్నానో, అందులోంచి ఎంతవరకు బయటపడ్డానో చెప్పాలనిపించింది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో నత్తికి చెయ్యని వైద్యం లేదు. నాయనమ్మ పొద్దున్నే వసకొమ్ము సానమీద అరగదీసి, తేనెలో రంగరించి నాలుకకు రాసేది. ఆ ఘాటుకి నాలుక మండిపోయి, వచ్చే నాలుగు మాటలూ వచ్చేవి కావు. గులకరాళ్లు నోట్లో పెట్టుకుని చదివితే పోతుందన్నారు మాస్టారు. ఒకసారి రాయి మింగబోయాను. నాలుక కింద నరం కోస్తే సరిపోతుందని ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు అన్నాడు. అమ్మ ససేమిరా అంది. ఆ ఒక్క మాటకే అమ్మకి జన్మంతా రుణపడి ఉంటాను. ఎవరో నత్తివాణ్ణి నేను వెక్కిరించి ఉంటాననీ, అందుకే నాకు తగులుకుందనీ పక్కింటి పిన్ని తేల్చేసింది. అప్పటికి నాకు వెక్కిరించే వయసైనా లేదు.

పెదాలు కలిపి పలికే అక్షరాలు నాకు బద్ధశత్రువులు. ప, బ, మ. నా పేరు పకారంతోనే మొదలవుతుంది. మిగతా మాటలైతే తప్పించుకోవచ్చు, ఒక మాట రాకపోతే ఇంకోటి వాడొచ్చు. పేరుకి మారుమాట ఉండదు. అందుకే నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి అన్నిటికంటే కష్టమైన మాట సొంత పేరే.

బడిలో తరగతంతా కలిసి ఎక్కాలు అరుస్తుంటే నా గొంతు అందరికంటే పైన వినిపించేది. ఒక్కదాన్నే నిలబెట్టి చెప్పమంటే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేదాన్ని. నలుగురితో కలిసి చదివినప్పుడూ, పాడినప్పుడూ నత్తి దాదాపుగా మాయమైపోతుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం టీచర్లకి అది నాటకంలా కనిపించేది. "అందరితో అయితే వస్తుంది, ఒక్కదానివే అయితే రాదా? చదవలేదని చెప్పు" అనేవారు. చదవలేదనే చెప్పేదాన్ని. అలా చెప్పడం సులువు.

ఒక ఆగస్టు 15న పద్యాల పోటీలో నాకు మొదటి బహుమతి వచ్చింది. రాగం తీసి పాడితే ఎక్కడా తట్టుకోకుండా పాడాను. చప్పట్లు కొట్టారు. బహుమతి ఇవ్వడానికి వచ్చిన పెద్దాయన మైకు నా నోటి దగ్గర పెట్టి, "పేరు చెప్పమ్మా" అన్నాడు. ప దగ్గర ఆగిపోయాను. మైకులో నా ఊపిరి చప్పుడు ఊరంతా వినిపించింది. ముందు వరుసలో పిల్లలు నవ్వారు. ఆయన పాపం జాలిపడి మైకు వెనక్కి తీసుకుని, "సిగ్గుపడుతోంది" అన్నాడు. స్టీలు గ్లాసు పట్టుకుని దిగిపోయాను. ఆ తర్వాత ఏ పోటీకీ పేరివ్వలేదు.

దాచుకోవడంలో మాత్రం ఆరితేరాను. అమ్మ పెసరపప్పు తెమ్మంటే కొట్టు దగ్గరికి వెళ్లి కందిపప్పు అడిగేదాన్ని. ప రాదు, క వస్తుంది. ఇంటికి వచ్చాక అమ్మ తిట్టేది, "ఏం తెమ్మన్నాను, ఏం తెచ్చావే?" అని. మర్చిపోయానని చెప్పేదాన్ని. మంగళగిరిలో చదువుకునేటప్పుడు బస్సులో మంగళగిరి టికెట్ అడగలేక విజయవాడకి తీసుకునేదాన్ని. అదీ అందరూ అనే బెజవాడ కాదు, విజయవాడ. డబ్బులు ఎక్కువ ఇచ్చి మధ్యలో దిగిపోయేదాన్ని. కండక్టర్ "ఇంకా రాలేదమ్మా" అని అరుస్తున్నా వినిపించుకునేదాన్ని కాదు. మతిమరుపు పిల్లననీ, మొద్దుననీ, పొగరుబోతుననీ ఒక్కో చోట ఒక్కో పేరొచ్చింది. అవన్నీ నాకు హాయిగానే ఉండేవి. నత్తిది అనే ఒక్క మాట పడకుండా ఉంటే చాలు, ఇంకేమన్నా పడేదాన్ని. ఇలా ఏళ్ల తరబడి పడ్డాక జరిగిందేమిటంటే, నేను నిజంగానే మొద్దునని నాకే అనిపించడం మొదలైంది. మార్కులు బాగా వచ్చినా పేపర్ దిద్దినవాళ్లు నా మాట వినలేదు కాబట్టే వచ్చాయనుకునేదాన్ని.

పెళ్లిచూపులప్పుడు నాన్న ముందే చెప్పారు, "అవును, కాదు, అంతకంటే మాట్లాడకమ్మా." వచ్చినవాళ్లు పాట పాడమన్నారు. పాడాను, వాళ్లకి నచ్చింది. తాంబూలాల మాట కూడా అనుకున్నారు. ఆ వారంలో అబ్బాయి ఫోన్ చేశాడు. నేను "హలో" కూడా అనలేక నిలబడ్డాను. సిగ్నల్ లేదనుకుని పెట్టేసి మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. మూడోసారి వాళ్లమ్మ చేసింది, మా నాన్నకి. సంబంధం తప్పిపోయింది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఉద్యోగాల సంగతి. బ్యాంకు ఆఫీసర్ల రాత పరీక్ష గట్టెక్కాను, ఇంటర్వ్యూలో పోయింది. బోర్డులో ఒకావిడ ఎంతో దయగా మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. నత్తికి మంచినీళ్లతో పనిలేదని ఆవిడకెలా తెలుస్తుంది? క్లర్కు ఉద్యోగానికి ఇంటర్వ్యూ లేదు కాబట్టి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం కింది స్థాయి పోస్టులకి 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు ఎత్తేసింది. ఆ నిర్ణయానికి చెప్పిన కారణాలు వేరేమో గానీ, నాలాంటివాళ్లకి అది ఎంత పెద్ద తలుపో చాలామందికి తెలియదు.

ఉద్యోగం వచ్చింది గానీ కౌంటర్లో కూర్చోవాలిగా. ఫోన్ మోగితే నాకు ఎప్పుడూ ఏదో ఫైలు గుర్తొచ్చేది, లేచి వెళ్లిపోయేదాన్ని. కొన్నాళ్లు చూసి మేనేజర్‌గారు నన్ను లోపలి గదిలో వోచర్ల పనికి మార్చారు. "నీ మంచికేనమ్మా" అన్నారు. నిజంగా మంచి మనసుతోనే అన్నారు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. కానీ ఆ గదిలో కూర్చున్న ప్రతి రోజూ నా గురించి నాకున్న అభిప్రాయానికి ఇంకొక సాక్ష్యం దొరికినట్టయింది. ప్రమోషన్‌కి దరఖాస్తు చెయ్యమని తోటివాళ్లు అంటే నాకు ఇష్టం లేదనేదాన్ని. అందులో ఇంటర్వ్యూ ఉంటుంది మరి.

మధ్యలో సిబ్బందికి వ్యక్తిత్వ వికాసం క్లాసు పెట్టారు. ఆత్మవిశ్వాసం మన చేతుల్లోనే ఉందని చెప్పి, ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి పరిచయం చేసుకోమన్నారు. నా వంతు వచ్చేసరికి హాల్లో నిశ్శబ్దం. ఎలాగో పేరు చెప్పి ముగించగానే అందరికంటే ఎక్కువ చప్పట్లు నాకే కొట్టించారు. తప్పటడుగులు వేసే పిల్లకి కొట్టే చప్పట్లు అవి. రోజూ అద్దం ముందు నిలబడి మాట్లాడటం సాధన చెయ్యమని క్లాసు చెప్పినాయన సలహా. అద్దం ముందు నాకు నత్తి రాదు. ఒంటరిగా ఉన్నప్పుడు, చంటిపిల్లలతో ఆడేటప్పుడు మాలో చాలామందికి రాదు. మనిషి ఎదురుగా ఉంటేనే వస్తుంది. ధైర్యంగా మాట్లాడు, గట్టిగా ఊపిరి తీసుకో, తొందరపడకు అనే సలహాలు ఇచ్చేవాళ్లందరికీ ఈ ఒక్క సంగతి తెలిస్తే బాగుండును.

ఇక నాన్న సంగతి. సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. రాత్రి పదకొండు దాటాక నాన్న ఎడమ భుజం లాగుతోందన్నారు. చెమటలు పట్టాయి. అమ్మ నాన్న వీపు పట్టుకుని కూర్చుంది. అంబులెన్సుకి నేనే ఫోన్ చేశాను. అవతల మనిషి ఎంతో ఓపికగానే అడిగాడు, ఏ ఊరు, ఎవరి ఇల్లు, పేషెంటు పేరేమిటి అని. ఊరి పేరు రాలేదు. ఇంకో మాట వెతుక్కుందామంటే ఊరికి ఇంకో పేరు లేదు. "చెప్పవే, చెప్పు!" అని అమ్మ అరుస్తోంది. అమ్మ అరిచేకొద్దీ దవడ ఇంకా బిగుసుకుంది. నాన్న ఆ నొప్పిలోనే తల తిప్పి నన్ను చూశారు. ఆ చూపులో కోపం లేదు. నాకోసం బాధపడుతున్నారు, ఆ స్థితిలో కూడా. అమ్మ నాన్నని వదిలేసి వచ్చి ఫోన్ లాక్కుని ఊరి పేరు చెప్పింది.

అంబులెన్సు వచ్చింది, గుంటూరు తీసుకెళ్లారు, స్టెంట్ వేశారు. నాన్న బతికారు. ఆలస్యమైంది ఒక నిమిషమో, అంతకంటే తక్కువో. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆస్పత్రి వరండాలో కూర్చుని నాన్న ప్రాణం మీదికొచ్చినా నోరు పెగలనిదాన్ని నేనెందుకయ్యాను అనుకున్నాను. ఆ "ఎందుకు" చాలా రోజులు వదల్లేదు. రాత్రుళ్లు నిద్రపట్టేది కాదు, అన్నం సయించేది కాదు. నత్తికీ సరైన సాయం దొరుకుతుందని చెప్పి చివరికి మా చుట్టాలమ్మాయి బలవంతాన ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లింది.

ఆవిడ మొదటి రోజు నా నాలుక చూడలేదు. "మీ ఇంట్లో ఇంకెవరికి ఉంది?" అని అడిగింది. ఎవరికీ లేదన్నాను. ఇంటికెళ్లి అడగమంది. అడిగితే అమ్మ చాలాసేపు ఊరుకుని, నాన్న బాబాయి ఒకాయన ఉండేవాడనీ, ఎవరితోనూ మాట్లాడకుండా పొలంలోనే బతికి పోయాడనీ చెప్పింది. మూగవాడని ఊరంతా అనుకునేదట. ఆయన ఫోటో కూడా మా ఇంట్లో లేదు. నత్తి భయం వల్లా, పెంపకం వల్లా వచ్చేది కాదనీ, మాటను నడిపించే మెదడు పనితీరులో ఉండే తేడా అనీ, చాలా కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుందనీ ఆవిడ వివరించింది. అమెరికాలో డెనిస్ డ్రేనా అనే శాస్త్రవేత్త బృందం పాకిస్తాన్‌లోని కుటుంబాలతో మొదలుపెట్టి పరిశోధించి, 2010లో నత్తితో సంబంధమున్న మూడు జన్యువులను గుర్తించిందట. పెద్దవాళ్లలో వందకి ఒకరికి ఉంటుందనీ, మగవాళ్లు నలుగురుంటే ఆడవాళ్లు ఒక్కరనీ చెప్పింది. ఆ లెక్కన మన రెండు రాష్ట్రాల్లోనే లక్షల మంది ఉండాలి. ఎక్కడున్నారు వీళ్లంతా? నాలాగే వోచర్ల గదుల్లో ఉండి ఉంటారు.

ఆవిడ ఒక కాగితం ఇచ్చి నింపమంది. మారిస్ రోజెన్‌బర్గ్ 1965లో తయారు చేసిన ప్రశ్నావళి అది, పదే పది వాక్యాలు. మన విలువ గురించి మనమేమనుకుంటున్నామో టిక్కు పెట్టాలి. ఇతరులతో సమానమైన విలువ నాకుందనుకుంటున్నానా అనే అర్థం వచ్చే వాక్యం దగ్గర ఆగిపోయి, "మాట్లాడేటప్పుడా, మాట్లాడనప్పుడా?" అని అడిగాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. "మన పని అక్కడ మొదలుపెడదాం" అంది.

ఆవిడ చెప్పినవాటిలో ఒక కథ నన్ను కుదిపేసింది. 1939లో అమెరికాలోని అయోవాలో వెండెల్ జాన్సన్ అనే ప్రొఫెసర్ పర్యవేక్షణలో మేరీ ట్యూడర్ అనే విద్యార్థిని డావెన్‌పోర్ట్ అనాథాశ్రమంలోని 22 మంది పిల్లల మీద ఒక ప్రయోగం చేసింది. వాళ్లలో చక్కగా మాట్లాడే ఆరుగురిని, నీకు నత్తి మొదలవుతోంది, జాగ్రత్తగా మాట్లాడు, సరిగ్గా రాకపోతే మాట్లాడకు అని నెలల తరబడి హెచ్చరించారు. ఆ పిల్లలు నత్తివాళ్లు కాలేదు. కానీ మాట్లాడటానికి వెనకాడారు, ముడుచుకుపోయారు, చదువులో వెనకబడ్డారు. అయోవా విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం బాధితులకి 9,25,000 డాలర్ల పరిహారం ఇచ్చింది. ఆ జాన్సన్‌కీ నత్తి ఉండేదట. నత్తి లేని పిల్లల్నే ఆ మాట అంత పని చేసిందంటే, ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా? నాకు పుట్టుకతో వచ్చింది నత్తి ఒక్కటే. మొద్దు, పొగరు, చేతకానిది అనే పేర్లు ఊరు పెట్టింది, నేను వాటిని నిజం చేశాను.

నత్తి సముద్రంలో తేలే మంచుకొండ లాంటిదని జోసెఫ్ షీహన్ అనే అమెరికా మనస్తత్వవేత్త అన్నాడట. ఆయనకీ నత్తి ఉండేది. పైకి వినిపించే తడబాటు కొంచెం, నీటి కింద సిగ్గు, భయం, తప్పించుకునే ఎత్తులు కొండంత. నా విషయంలో ఆ కింది భాగంలో నా చదువుంది, పెళ్లి ఉంది, ఉద్యోగం ఉంది.

తర్వాత ఆవిడ చేయించిన పని వింటే నవ్వొస్తుంది. కావాలని నత్తిగా మాట్లాడమంది. చార్లెస్ వాన్ రైపర్ అనే థెరపిస్టు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. రాకుండా చూసుకోవడానికి జీవితమంతా ధారపోసిన నేను, కొట్టుకి వెళ్లి పనిగట్టుకుని "పె-పె-పె-పెసరపప్పు" అనాలి. మొదటిసారి కొట్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. మళ్లీ వెళ్లి అన్నాను. కొట్టతను తల కూడా ఎత్తకుండా "కిలోనా, అరకిలోనా?" అన్నాడు. అంతే. ఈ మాత్రం దానికా ఇన్నేళ్లు కందిపప్పు మోశాను అనిపించింది. ప్రతిసారీ అలా జరగలేదు. ఒక మందుల షాపులో కుర్రాడు నన్ను అనుకరించి పక్కవాడితో నవ్వాడు. "నాకు నత్తి ఉంది. నువ్వు నవ్వితే ఇంకాస్త ఆలస్యమవుతుంది" అన్నాను, నత్తితోనే. వాడి ముఖం మాడిపోయింది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ ఏడుపుకి, వరండాలో ఏడ్చిన ఏడుపుకి చాలా తేడా ఉంది. వరండాలో నా మీద నాకే అసహ్యం. ఇక్కడ ఆ కుర్రాడి మీద కోపం.

ఆఫీసులో మేనేజర్‌గారిని కౌంటర్ ఇమ్మని అడిగాను. "ఎందుకమ్మా కష్టం" అన్నారు. కష్టమే, ఇవ్వండి అన్నాను. ఎవరు ఎదురుగా కూర్చున్నా మొదటి మాటే "నాకు నత్తి ఉంది, కాస్త టైం పడుతుంది" అని మొదలుపెట్టాను. విచిత్రం ఏమిటంటే, అలా చెప్పాక బిగింపు సగం తగ్గేది. దాచడానికి ఏమీ మిగల్లేదు కదా. పంట రుణం రెన్యువల్‌కి వచ్చిన ఒక ముసలి రైతు, "నిదానంగా చెప్పు తల్లీ, మీ బ్యాంకులో కంప్యూటర్ కంటే నువ్వే నయం" అన్నాడు. తొందరపడేవాళ్లు, విసుక్కునేవాళ్లు, నా మాట పూర్తి కాకముందే పక్క కౌంటర్‌కి మారిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫోన్ ఇప్పటికీ నాకు గండమే. కానీ మోగితే ఎత్తుతాను.

ప్రమోషన్‌కి దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో కూర్చోగానే నత్తి సంగతి చెప్పి, నా పేరు చెప్పడానికి పట్టినంత సేపూ తీసుకున్నాను. వాళ్లు ఎదురుచూశారు. రుణాల వసూళ్ల గురించి అడిగినవాటికి తెలిసింది తెలిసినట్టు చెప్పాను. ఆ ఏడాది రాలేదు. బాధపడ్డాను, ప్రమోషన్ రానివాళ్లందరూ పడేలాగే. అంతకుముందైతే నా బతుకింతే అనుకుని ముడుచుకుపోయేదాన్ని. ఈసారి రాత పరీక్షలో ఎక్కడ మార్కులు పోయాయో చూసుకున్నాను. మళ్లీ దరఖాస్తు పెట్టాను, ఫలితం రావాల్సి ఉంది. ఆత్మగౌరవం అనే పెద్ద మాటకి నాకు అందిన అర్థం ఇంతవరకే. ఓడినప్పుడు ఓడింది ఆ పని మాత్రమే, నేను మొత్తంగా కాదు.

మెచ్చుకోలు గురించి ఒక మాట. "ఇవాళ అస్సలు తడబడలేదే, ఎంత బాగా మాట్లాడావో!" అని మనవాళ్లు ప్రేమగా అంటారు. దయచేసి అనకండి. అలా అంటే రేపు తడబడితే బాగాలేనట్టే కదా. నేను చెప్పిన విషయం బాగుంటే ఆ విషయం బాగుందని చెప్పండి, తప్పయితే తప్పని చెప్పండి.

మనదేశంలో నత్తి ఉన్నవాళ్లు నడుపుకునే 'ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్' అనే సంస్థ ఉంది. అక్కడ నత్తి తగ్గిస్తామని ఎవరూ మాట ఇవ్వరు. కూర్చుని, ఎవరికి పట్టినంత సేపు వాళ్లు తీసుకుని మాట్లాడుకుంటారు. జీవితంలో మొదటిసారి నాలాగే దవడ బిగుసుకున్న ఇంకో ఆడపిల్ల మాట కోసం నేను ఎదురుచూశాను. అప్పుడు నాకు ఇబ్బందిగా అనిపించలేదు. మాట వస్తుందని తెలుసు, ఊరికే కూర్చున్నాను.

ఇది చదివేవాళ్లలో టీచర్లుంటే నా విన్నపం ఇది. చిన్నపిల్లల్లో వందకి ఐదుగురికి ఏదో ఒక వయసులో నత్తి వస్తుంది, చాలామందికి దానంతటదే పోతుంది. పోనివాళ్లు మీ తరగతిలోనూ ఉండొచ్చు. పేరు అడిగినప్పుడు వాళ్ల మాట మీరు పూర్తి చెయ్యకండి, గడియారం వైపు చూడకండి, తల వంచుకోకండి. హాజరు పలకడం కష్టమైతే ఏం చేస్తే సులువో విడిగా పిలిచి ఆ పిల్లనే అడగండి. చెప్పలేకపోయిన జవాబుని తెలియని జవాబుగా రాసెయ్యకండి. తల్లిదండ్రులైతే వస, గులకరాళ్లు పక్కన పెట్టి స్పీచ్ థెరపిస్టుకి చూపించండి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. చిన్నప్పుడే వెళితే మేలు.